ట్రాన్స్‌ఫర్ బెల్టు నుంచి అలారం ప్యాడ్ దాకా: మా వారి కోసం కొన్నవాటిలో ఏవి పనికొచ్చాయి, ఏవి అటకెక్కాయి

ముందే చెప్పేస్తాను. మతిమరుపు జబ్బుతో పాటు కాలో చెయ్యో సరిగా ఆడని పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే, అన్నిటికన్నా ముందు కొనాల్సింది ట్రాన్స్‌ఫర్ బెల్టు. వీల్‌ఛైర్ కన్నా ముందు, ఎయిర్ బెడ్ కన్నా ముందు. చూడటానికి అందులో ఏమీ ఉండదు. లేపేటప్పుడు మనం పట్టుకోవడానికి వాళ్ళ నడుముకు కట్టే వెడల్పాటి పట్టీ, దానికి నాలుగైదు పిడులు, ఒక బకిల్, అంతే. మా ఇంట్లో మిగతా సామానంతా ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. అందుకే దీని గురించి ఎక్కువ రాస్తాను. మిగతావి కూడా చెబుతాను, ఎందుకంటే వాటిలో కొన్ని లేకపోయినా గడిచిపోతుంది, ఒకటి రెండు అసలు కొనకూడదు.

మా సంగతి కొంచెం తెలిస్తేనే నా మాట మీ ఇంటికి ఎంతవరకు వర్తిస్తుందో మీకు అర్థమవుతుంది. మా వారికి 78 ఏళ్ళు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. మెదడు కుడి పక్క స్ట్రోక్ వచ్చి ఎడమ కాలు, ఎడమ చెయ్యి బలహీనపడ్డాయి. ఆ తర్వాత నెమ్మదిగా మాట తడబడటం, ఇంట్లో మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, రాత్రీ పగలూ తేడా తెలియకపోవడం మొదలైంది. వాస్క్యులర్ డిమెన్షియా అన్నారు డాక్టరు గారు. మెదడుకు రక్తం సరిగా అందక వచ్చే రకం. ఆయన పొడుగు మనిషి, గట్టి ఒళ్ళు. నేను ఆయన భుజం దాకా వస్తాను, నా మోకాళ్ళు అరిగిపోయాయి. అబ్బాయి, కోడలు సెలవులకు వస్తారు, వచ్చినన్నాళ్ళూ నన్ను మంచం దగ్గరికి కూడా రానివ్వకుండా వాళ్ళే చేస్తారు. మిగతా రోజుల్లో నేనూ, పగటిపూట వచ్చే అటెండెంటూ.

ఏ వస్తువు చూసినా నేను ముందు ఒకటే అడుగుతాను. ఇది వాడాలంటే ఆయన కొత్తగా ఏమైనా నేర్చుకోవాలా? నేర్చుకోవాలి అంటే వద్దు. ఈ జబ్బులో కొత్త సంగతి మనసులో నిలవదు. పొద్దున చూపించిన బటన్ సాయంత్రానికి ఎందుకుందో తెలియదు. కానీ ఏళ్ళ తరబడి చేతులూ కాళ్ళూ చేసిన పనులు, ఒంటికి పట్టిన అలవాట్లు చాలాకాలం మిగిలి ఉంటాయి. డబ్బా మీద 'డిమెన్షియా ఉన్నవారి కోసం' అని పెద్ద అక్షరాలతో రాసి అమ్మేవాళ్ళలో చాలామంది ఈ ఒక్క విషయం ఆలోచించినట్టే ఉండదు. నేర్చుకునే పని మనకు ఉండాలి, వాళ్ళకు ఉండకూడదు.

ఇక బెల్టు సంగతి. అది లేనప్పుడు ఏం చేస్తాం? చంకల కింద చేతులు పెట్టి లేపుతాం, లేదంటే రెండు చేతులూ పట్టుకుని లాగుతాం. ఎవరూ నేర్పకుండానే అందరూ చేసే పని ఇది. స్ట్రోక్ వచ్చిన మనిషికి ఇంతకన్నా చెడ్డ పద్ధతి లేదు. భుజం కీలును దాని చోట పట్టి ఉంచేది ముఖ్యంగా చుట్టూ ఉన్న కండరాలే. అవి వదులైపోయిన చేతిని పట్టి లాగితే కీలు కిందికి జారుతుంది, ఆ నొప్పి ఒక పట్టాన తగ్గదు. పైగా మతిమరుపు ఉన్న మనిషి ఎక్కడ నొప్పో చెప్పలేరు. స్నానం చేయించేటప్పుడు అరుస్తారు, తోసేస్తారు, మన మీద చెయ్యెత్తుతారు. చూసినవాళ్ళు జబ్బు ముదిరింది, మొండితనం వచ్చింది అంటారు. చాలాసార్లు అది నొప్పి. చొక్కా మార్చేటప్పుడు ఎప్పుడూ ఒకే పక్క ముట్టుకుంటే అరుస్తున్నారంటే, కోపం సంగతి పక్కన పెట్టి ఆ భుజాన్ని డాక్టరుకు చూపించండి.

మన నడుము సంగతి కూడా చూసుకోవాలి. పనిచేసే చోట ఆరోగ్యం, భద్రత గురించి పరిశోధించే నియోష్ అనే అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటుంది. అందులో పరిశోధకుడు థామస్ వాటర్స్ 2007లో ఒక లెక్క ఇచ్చారు. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా, మనిషిని చేతులతో లేపేటప్పుడు ఒకరి మీద పడే బరువు 35 పౌండ్లు, అంటే దాదాపు 16 కిలోలు దాటకూడదు. అది నర్సుల్లాంటి శిక్షణ పొందిన వాళ్ళను దృష్టిలో పెట్టుకుని చెప్పిన లెక్క. మోకాళ్ళు అరిగిన నాలాంటి వాళ్ళకు అంతకన్నా తక్కువే అనుకోవాలి. ఇంట్లో పెద్ద మనిషి ఎవరైనా 16 కిలోలు ఉంటారా? అందుకే బెల్టు ఉన్నది మనిషిని ఎత్తడానికి కాదు. తన కాళ్ళ మీద తాను లేస్తున్న మనిషికి దారి చూపడానికి, తూలితే ఒక్కసారిగా పడిపోకుండా నెమ్మదిగా కూర్చోబెట్టడానికి. ఇది తెలియక 'బెల్టు కొన్నాం, అయినా ఎత్తలేకపోతున్నాం' అని వాపోయేవాళ్ళు ఉన్నారు. కాలు మీద కాస్తయినా బరువు మోపలేని వాళ్ళకు బెల్టు పనికిరాదు. వాళ్ళకు కావాల్సింది హాయిస్టు, అంటే గుడ్డ ఉయ్యాలలో కూర్చోబెట్టి ఎత్తే యంత్రం.

మా ఇంట్లో జరిగేది ఇలా ఉంటుంది. ఆయన మంచం అంచున కూర్చుంటారు. పాదాలు రెండూ పూర్తిగా నేలకు ఆనాలి. కుర్చీని కుడి పక్కన, అంటే బలం ఉన్న పక్కన, కొంచెం ఏటవాలుగా పెట్టి బ్రేకులు వేస్తాను. చొక్కా మీద నుంచి బెల్టు చుట్టి, బకిల్ ముందుకు వచ్చేలా పెట్టి బిగిస్తాను. బెల్టుకూ ఒంటికీ మధ్య రెండు వేళ్ళు దూరాలి, అరచెయ్యి దూరకూడదు. బకిల్ టిక్‌మని పడగానే ఆయన నిటారుగా సర్దుకుని కూర్చుంటారు. కుడి చెయ్యి ముందుకు వెళ్ళి గాల్లో ఏదో తిప్పుతుంది. ఏమిటో నాకు అంతుపట్టలేదు. ఒకసారి అబ్బాయి చూసి, "అమ్మా, నాన్న తాళం తిప్పుతున్నారు. అది సీటు బెల్టు అనుకుంటున్నారు" అన్నాడు. అప్పటి నుంచి "ఏవండీ, బయల్దేరదామా" అంటాను. లేవండి, లేవండి అని ఎన్నిసార్లు అన్నా కదలని మనిషి ఆ మాటకు ముందుకు వంగుతారు.

ఆ ముందుకు వంగడమే అసలు కీలకం. పాదాలు మోకాళ్ళ కన్నా కొంచెం వెనక్కి జరగాలి. ముక్కు కాలి వేళ్ళ మీదికి వచ్చేంతగా ఒళ్ళు ముందుకు రావాలి. అది లేకుండా కుర్చీలోంచి లేవడం ఎంత కష్టమో మీరే ఒకసారి ప్రయత్నించి చూడండి. నేను ఆయన ఎడమ పక్కకు కాస్త ముందుగా నిలబడి, ఆ మోకాలు మడతపడకుండా నా మోకాలు ఆనిస్తాను. పిడిని కింది నుంచి, అరచెయ్యి పైకి ఉండేలా పట్టుకుంటాను. పై నుంచి పట్టుకుంటే తూలినప్పుడు చెయ్యి జారిపోతుంది. తర్వాత ఒకటి, రెండు, మూడు అని పైకే లెక్కపెడతాను. రోజూ అవే మాటలు, అదే వరస. అటెండెంటు కూడా అవే మాటలు అనాలని మొదటి రోజే చెప్పాను. మనిషి మారినా మాట మారకపోతే ఆయనకు టెన్షన్ తక్కువ.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి. పిడులు ఉన్నదే తీసుకోండి, వెనక, పక్కల అడ్డంగా కొన్ని, నిలువుగా కొన్ని ఉంటే మంచిది. లోపలి వైపు జారని గుడ్డ ఉండాలి, లేకపోతే పొట్ట ఉన్నవాళ్ళకు బెల్టు పైకి ఎగబాకి పక్కటెముకల మీదికి వస్తుంది. బకిల్ ప్లాస్టిక్‌ది, నొక్కితే టిక్‌మని పడేది నయం. ఇనుప పళ్ళ బకిల్ గట్టిదే కానీ, దాన్ని సరిగా దోపడం ఒక పని, అర్ధరాత్రి నిద్రకళ్ళతో అది నా వల్ల కాదు. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు బొమ్మలో పిడులున్నది చూపించి, పిడులు లేని సన్నపట్టీ పంపారు. తిరిగి తీసుకోవడానికి నానా ఇబ్బంది పెట్టారు. డబ్బా విప్పగానే, నడుముకు కట్టి చూడకముందే, అడిగింది వచ్చిందో లేదో చూసుకోండి.

దీనికీ లోపాలున్నాయి. బట్ట బిరుసుగా ఉంటుంది, చెమటకు లోపలి పక్క వాసన పడుతుంది, తరచుగా ఉతకాల్సిందే. పక్క పిడులు కుర్చీ చేతులకు తగులుకుంటాయి. కూర్చోబెట్టే ముందు ఒకసారి చూసుకోకపోతే మనిషి సగంలో ఆగిపోతారు. ఇంకొక సంగతి గట్టిగా చెప్పాలి. కడుపు ఆపరేషన్ ఈమధ్యే అయినవాళ్ళకు, పొట్టలోకి ట్యూబు ఉన్నవాళ్ళకు, మలం సంచీ ఉన్నవాళ్ళకు, పక్కటెముకలు విరిగినవాళ్ళకు డాక్టరును అడగకుండా కట్టవద్దు. కూర్చున్నాక విప్పేయండి. లేవకుండా కుర్చీకి కట్టేయడానికి దీన్ని వాడటం నేను ఒకచోట చూశాను. అది నాకు చాలా బాధ కలిగించింది. అలా కట్టేస్తే మనిషి కిందికి జారి ఊపిరాడకుండా పోయే ప్రమాదం ఉంది.

కమోడ్ వీల్‌ఛైర్. దీనికి కూడా మంచి మార్కులే. మంచం పక్కనే పనైపోతుంది, అదే కుర్చీలో బాత్‌రూముకు తీసుకెళ్ళి స్నానం చేయించవచ్చు. అంటే రెండుసార్లు లేపడం తప్పుతుంది, నా లెక్కలో అది పెద్ద లాభం. అయితే చేతులు పక్కకు తీసేసేది, కాళ్ళ పలక పక్కకు తిప్పేది అయితేనే కొనండి. కదలని కాళ్ళ పలక ఉన్న కుర్చీలోంచి లేచేటప్పుడు ఆ పలక మీదే కాలు వేస్తారు, కుర్చీ ముందుకు తిరగబడుతుంది. సీటు ఎత్తు మంచం ఎత్తుకు దగ్గరగా ఉండాలి, టేపు పెట్టి కొలుచుకుని వెళ్ళండి. మా కుర్చీ సీటు మీది మెత్త అంచు దగ్గర చిరిగి, లోపలి స్పంజి నీళ్ళు పీల్చడం మొదలుపెట్టింది. అతుకులు లేకుండా ఒకే ముక్కగా పోసిన మెత్త అయితే ఆ బాధ ఉండదు.

సీటు రంగు కూడా చూడండి. ఇది నాకు ఫిజియోథెరపిస్ట్ చెప్పిన మాట. ఈ జబ్బులో కళ్ళు బాగానే ఉన్నా, కంటికి కనిపించినదాన్ని మెదడు విడదీసి చూడలేదు. తెల్ల గోడ, తెల్ల నేల, తెల్ల కమోడ్ ఉంటే ఎక్కడ కూర్చోవాలో తెలియక అక్కడే నిలబడిపోతారు. ముదురు రంగు సీటు వేశాక మా వారు వెనక్కి తిరిగి చూసి, తనే కూర్చోవడం మొదలుపెట్టారు. ఇదే సంగతి వేరే రకంగా పరీక్షించి చూసినవాళ్ళున్నారు. బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు 2004లో, బాగా ముదిరిన అల్జీమర్స్ ఉన్న కొద్దిమందికి తెల్ల పళ్ళేలు, గ్లాసుల బదులు ఎర్రవి పెట్టి చూస్తే, తినడం 25 శాతం, తాగడం 84 శాతం పెరిగింది. చిన్న అధ్యయనమే, కానీ పళ్ళెం మార్చడానికి ఏం పోయింది? దీనికి వ్యతిరేకం నేల మీద జరుగుతుంది. గుమ్మం ముందు నల్ల పట్టా వేస్తే వాళ్ళకు అది గొయ్యిలా కనపడవచ్చు. దాటడానికి భయపడతారు, లేదా ఎగిరి దాటబోతారు. నల్ల పట్టాలు తీసేయండి, ఇది ఖర్చు లేని పని.

మా వారికి ఇంకొకటుంది. కుడి మెదడు దెబ్బతిన్న చాలామందిలా, ఎడమ పక్క ఉన్నదేదీ ఆయన పట్టించుకోరు. తన ఎడమ చెయ్యి తనదే అని గుర్తుండదు. అది కుర్చీ పక్కకు వేలాడి చక్రంలో పడబోతుంది. దానికోసం ఒళ్ళో పెట్టే మెత్తటి పలక ఒకటి తీసుకున్నాం. చెయ్యి దాని మీద ఉంటే కంటికి కనపడుతుంది, చక్రానికి దూరంగా ఉంటుంది. నిశ్శబ్దంగా తన పని తాను చేసుకుపోయే వస్తువు.

అలారం ప్యాడ్ మీద మాత్రం నాకు సగం సగం అభిప్రాయమే. పరుపు మీద వేస్తే, మనిషి లేవగానే మోగుతుంది. మేము తెచ్చినదాని సైరను ఆ ప్యాడ్ పక్కనే ఉంది. రాత్రి ఆయన అంచుకు జరగ్గానే చెవి పక్కన మోత. అదేమిటో తెలియని మనిషి ఏం చేస్తారు? భయపడి ఇంకా తొందరగా లేస్తారు. పడకుండా చూడటానికి తెచ్చిన వస్తువే పడేసేలా ఉంది. తర్వాత వైర్‌లెస్ రకం తీసుకున్నాం, మోత నా గదిలో, ఆయన గదిలో చప్పుడు లేదు. అది కొంత నయం. కానీ ఆయన పక్కకు ఒత్తిగిలినా మోగుతుంది, నాకు నిద్ర ముక్కలు ముక్కలవుతుంది. అమెరికాలో ఆసుపత్రి వార్డుల్లో 27 వేలకు పైగా రోగులతో చేసిన ఒక అధ్యయనం 2012లో అచ్చయింది. మంచం అలారాల వాడకం పెంచినందువల్ల పడిపోవడాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదని అందులో తేలింది. ఇల్లు వేరు, వార్డు వేరు, నిజమే. అయినా, లేచారని చెప్పడం వేరు, పడకుండా ఆపడం వేరు. నా అనుభవంలో ప్యాడ్ కన్నా ఎక్కువ పనిచేసింది, రాత్రి పడుకునే ముందు ఒకసారి, నడిరాత్రి ఒకసారి నేనే లేపి కమోడ్ మీద కూర్చోబెట్టడం. ఆయన లేచేది ఎందుకు? మూత్రానికే. ఆ అవసరం తీరితే చాలా రాత్రులు కదలరు.

ఎయిర్ బెడ్ గురించి రెండు ముక్కలు. కదలలేక ఎక్కువసేపు పడుకునేవాళ్ళకు బెడ్ సోర్స్, అంటే ఒకేచోట ఒత్తిడి పడి వచ్చే పుండ్లు, రాకుండా ఇది సాయపడుతుంది. గాలి గదులు వంతులవారీగా నిండుతూ ఖాళీ అవుతూ ఒకేచోట ఒత్తిడి పడకుండా చూస్తాయి. కానీ బెడ్ కొన్నాం కదా అని పక్కలు మార్చడం మానకూడదు. నడుము కింది ఎముక, మడమలు, తుంటి రోజూ చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలితే ఎరుపు పోకపోతే డాక్టరుకు చెప్పాలి. గాలి సరిపోయిందో లేదో చూడటానికి, మనిషి పడుకున్నాక పిరుదుల కింద, పరుపు అడుగున అరచెయ్యి పెట్టి చూడండి. చేతికీ ఒంటికీ మధ్య కనీసం ఒక అంగుళం గాలి మందం ఉండాలి. ఎముక చేతికి తగిలితే గాలి చాలదు. అంచుల దగ్గర మాత్రం ఈ పరుపు కుంగిపోతుంది. లేపి కూర్చోబెట్టే ముందు పంపు మీద 'స్టాటిక్' అని ఉండే మీట నొక్కి గట్టిపడనివ్వాలి. ఆ మీట లేని రకం కొనకండి. పంపు చప్పుడు ఎంతో కొట్లోనే ఆన్ చేసి వినండి.

రోజు, పూట పెద్ద అక్షరాలతో చూపించే గడియారం జబ్బు మొదట్లో బాగా ఉపయోగపడింది. ఇవాళ ఏ వారం అని అడగడం తగ్గింది. ఇప్పుడు చదువుతారు, చదివింది దేనికీ కలవదు. రాత్రి దాని వెలుతురు ఎక్కువైంది, తీసేశాం. పడితే సాయానికి పిలవడానికి మెడలో వేసుకుని నొక్కే బటన్ పూర్తిగా దండగ, మా వారి దశకు. పడిపోయిన మనిషికి మెడలో ఏముందో గుర్తుండాలి కదా. జబ్బు లేని నాకు మాత్రం అది పనికొస్తుంది. బాత్‌రూములో నేను జారిపడితే నన్ను చూసేవాళ్ళెవరు? అందుకని ఇప్పుడు అది నేను వేసుకుంటున్నాను. మందుల డబ్బా, వారం మొత్తానికి పూటకో అర ఉన్నది, తప్పకుండా ఉండాలి. అదీ ఆయన కోసం కాదు, నా కోసం. వేశానా లేదా అని రాత్రి పదింటికి తల పట్టుకునే పని తప్పుతుంది.

మంచం పక్క కమ్మీలు. వీటి గురించి జాగ్రత్తగా ఉండండి. పడిపోకుండా ఆపుతాయని అందరూ కొంటారు. మతిమరుపు ఉన్న మనిషి అడ్డం ఉందని ఆగరు, పైనుంచి ఎక్కి దిగబోతారు. అప్పుడు పడే ఎత్తు ఇంకా పెరుగుతుంది. కమ్మీల మధ్య, కమ్మీకీ పరుపుకూ మధ్య తల, మెడ ఇరుక్కుని చనిపోయిన సంఘటనలు ఉన్నాయి. అందుకే అమెరికాలో మందులు, వైద్య పరికరాల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2006లో ఇచ్చిన మార్గదర్శకాల్లో తల పట్టే ఖాళీలు 120 మిల్లీమీటర్లకు లోపే ఉండాలని చెప్పింది. ఎయిర్ బెడ్ అంచు కుంగితే ఆ ఖాళీ ఇంకా పెద్దదవుతుంది, ఈ రెండూ కలిసినప్పుడే ఎక్కువ భయం. మేము కమ్మీలు పెట్టలేదు. మంచం ఎత్తు తగ్గించి, పక్కన నేల మీద లేత రంగు మెత్తటి చాప పరిచాం. నేను లేపేటప్పుడు ఆ చాప తీసేస్తాను, లేకపోతే నా కాలే తట్టుకుంటుంది.

ఇక సర్వీసు విషయం. ఏజెన్సీ ద్వారా అటెండెంటును పెట్టుకున్నాం. పేరు రాయను. ఫోనులో 'డిమెన్షియా ట్రెయినింగ్ అయినవాళ్ళే' అన్నారు. వచ్చినమ్మాయి చంకల కింద చేతులు పెట్టి ఒక్క ఊపున లేపబోయింది. తప్పు ఆ అమ్మాయిది కాదు, ఎవరూ నేర్పలేదు. కానీ నేను నేర్పి, మా వారు ఆమె ముఖానికి అలవాటు పడేసరికి, మనిషిని మార్చేశారు. మళ్ళీ కొత్త ముఖం, మళ్ళీ సాయంత్రాలు గోల. ఈయన చూపులో పొద్దుగూకే వేళకు ఒక భయం వస్తుంది, ఈ జబ్బున్న చాలామందికి ఆ వేళే కష్టం. ఆ పూట కొత్తవాళ్ళను పంపడం కన్నా ఎవరినీ పంపకపోవడం మేలు. ఏజెన్సీతో మాట్లాడేటప్పుడు సర్టిఫికెట్ అడగడంతో ఆగకండి. 'మంచం మీంచి కుర్చీలోకి ఎలా మారుస్తారో చేసి చూపించమ్మా' అనండి. ఒకే మనిషి ఎన్నాళ్ళు వస్తారో కాగితం మీద రాయించుకోండి. ఆమె సెలవు పెడితే వచ్చే మనిషి, ముందే ఒక రోజు ఆమెతో కలిసి పనిచేయాలని అడగండి. ఇప్పుడు మా దగ్గర ఉన్న అమ్మాయి మంచి పనిమంతురాలు. ఆయన అరిచినా ఎదురు మాట్లాడదు, రెండడుగులు వెనక్కి వేసి ఆగుతుంది, కాసేపటికి మళ్ళీ వచ్చి 'బయల్దేరదామా తాతగారూ' అంటుంది.

మనకు సాయం అడగడం సిగ్గు అనుకునేవాళ్ళకు ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం డిమెన్షియా ఉన్నవాళ్ళను ఇంట్లో చూసుకునేవాళ్ళు రోజుకు సగటున 5 గంటలు ఆ పనికే పెడతారు, మొత్తం సంరక్షణ గంటల్లో 70 శాతం ఆడవాళ్ళవే. అంత పని ఒక్క మనిషి ఊపిరి తీసుకోకుండా చేయాలని ఎవరు రాసిపెట్టారు? అబ్బాయి వచ్చినప్పుడు నేను ఒక పూట పూర్తిగా బయటికి వెళ్ళిపోతాను. అది నా హక్కు అని మా కోడలే చెప్పి పంపిస్తుంది.

ఖర్చు లేకుండా దొరికినవాటిలో ఒకటి చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 'ఐసపోర్ట్' అనే శిక్షణను ఇంట్లో చూసుకునేవాళ్ళ కోసమే 2019లో తెచ్చింది. 5 భాగాలు, 23 పాఠాలు. అందులో అన్నిటికన్నా పెద్ద భాగం ప్రవర్తనలో వచ్చే మార్పుల గురించే, అనుమానం, కోపం, రాత్రి నిద్రలేకపోవడం, బయటికి వెళ్ళిపోవడం లాంటివి. నాకు నచ్చిందేమిటంటే, ఒక సందర్భం ఇచ్చి మీరైతే ఏం చేస్తారు అని అడుగుతుంది. నచ్చనిది, ఒళ్ళు సహకరించని మనిషిని మంచం మీంచి ఎలా లేపాలో నాకు కావాల్సినంత వివరంగా అందులో లేదు. మతిమరుపు గురించి చెప్పేవాళ్ళు కాలూ చెయ్యీ సంగతి వదిలేస్తారు, కాలూ చెయ్యీ చూసేవాళ్ళు మతిమరుపు వదిలేస్తారు. రెండూ ఒకే మనిషిలో ఉన్నప్పుడు మధ్యలో నలిగేది ఇంట్లో ఉన్నవాళ్ళం. అమ్మేవాళ్ళకూ, నేర్పేవాళ్ళకూ నా ఫిర్యాదు ఇదే.

అందుకే బెల్టు కొన్నాక ఫిజియోథెరపిస్టును ఒక్కసారైనా ఇంటికే పిలిపించండి. క్లినిక్‌లో వాళ్ళ మంచం మీద నేర్చుకున్నది మన మంచం దగ్గర కుదరదు, ఎత్తు వేరు, గోడ అడ్డం. మన గదిలో, మన కుర్చీతో, ఎవరైతే రోజూ లేపుతారో వాళ్ళ చేతనే చేయించి చూడమనండి. అబ్బాయి ఉంటే ఆ మాటలూ ఆ వరసా ఫోనులో వీడియో తీయించి పెట్టుకోండి, కొత్త అటెండెంటు వచ్చిన రోజు అది చూపిస్తే సరిపోతుంది. బెల్టులు మాత్రం రెండు తీసుకోండి, ఒకేలాంటివి, ఒకే బకిల్‌వి. ఒకటి ఉతికి ఆరేలోపు రెండోది కావాలి.